ఎండపెట్టె నీళ్ళు

నాకు రోత ఎక్కువ. మా పల్లెలో ఎవరినడిగినా నా గురించి ముందు ఈ మాటే చెబుతారు, నేను టీచర్నన్న సంగతి ఆ తర్వాత. పెళ్ళిళ్ళకు వెళితే నా గ్లాసు నేనే సంచిలో పెట్టుకెళతాను. ఎవరింట్లోనైనా మంచినీళ్ళు ఇస్తే ముందు వాసన చూస్తాను, తాగడం తర్వాత సంగతి. దేవుడు దీనికి ఒళ్ళంతా ముక్కే పెట్టాడని మా అమ్మ విసుక్కునేది. ఒకసారి మా చర్చి వాళ్ళమంతా లారీ మాట్లాడుకుని వాడరేవు సముద్రానికి వెళ్ళాం. ఇసకలో చేపలు ఎండబెట్టిన చోటికి పక్కనే కూర్చుని అందరూ పులిహోర తిన్నారు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్ళి లారీలో కూర్చున్నాను. మా చెల్లెలు మాత్రం తన పొట్లం, నా పొట్లం కూడా తినేసి, తీరిగ్గా చేతులు కడుక్కుని వచ్చింది. దాన్ని చూసి నేర్చుకోమని దారి పొడుగునా అందరూ నాకు బుద్ధులు చెప్పారు.

ఇంత ముక్కున్న మనిషి బతకదగ్గ చోటు కాదు మాది. పర్చూరు నుంచి ఆటోలో వచ్చే దూరం. చుట్టూ మిరప, పత్తి, అక్కడక్కడా పొగాకు. నేల బంగారమే గానీ నీళ్ళు ఉప్పు. మా బోరు నీళ్ళతో పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరుగుతాయి. బిందె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, గోకినా రాదు. ఊళ్ళో వాళ్ళు చాలా ఏళ్ళ క్రితమే నీళ్ళ ప్లాంటు పెట్టుకున్నారు. అందులో శుద్ధయిన నీళ్ళు క్యాన్లకెక్కి ఇళ్ళకు పోతాయి. శుద్ధి చేయగా మిగిలిన చేదు నీళ్ళు గొట్టంలోంచి రోడ్డు పక్క కాలవలో పడి, పల్లం గనక, మా పల్లెకొస్తాయి. ఆ కాలవ మీద ఆకుపచ్చటి మీగడ, దాని కింద చికెన్ కొట్టు వాడు పారేసిన ఈకలు, ఆ ఈకల్లో దొర్లే పందులు. రోజూ బడికి ఆ కాలవ దాటే వెళ్ళాలి. ఇన్నేళ్ళొచ్చినా ఊపిరి బిగబట్టే దాటతాను.

ఆ ప్లాంటు క్యాన్లు మేమూ కొన్నాళ్ళు తెప్పించుకున్నాం. ఒకరోజు ఖాళీ క్యాను ఎండకు ఎత్తి చూస్తే అడుగున పాచి, ఆ పాచిలో కదులుతున్న సన్నటి పురుగు. ఆ పూట నేను అన్నం తినలేదు, ఆ క్యాను మళ్ళీ గడప తొక్కనీయలేదు.

మా చెల్లెలి భర్త పోయాక అది నా దగ్గరకొచ్చేసింది. నేను మిషను హాస్టల్లో ఉండి చదువుకుంటే అది అమ్మతో పొలం పనికి పోయింది. మిరప కోతలు, తాలుకాయలు ఏరడం, పురుగుమందు కొట్టేటప్పుడు వెనక పైపు లాగడం, అన్నీ చేసింది. నవ్వుతూ ఉంటుంది, గొంతు బాగుంటుంది, ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది అదే. కాళ్ళు వాస్తున్నాయంటే చీరాల తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్షలు చేయించి, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయన్నాడు. మందుల కన్నా ముందు నీళ్ళు మార్చమన్నాడు. ఆ ఉప్పునీళ్ళు ఇంకా తాగితే త్వరలో రక్తం మిషను ఎక్కించి కడగాల్సి వస్తుందని, అప్పుడిక వారంవారం ఆసుపత్రికి తిరగడమే పని అవుతుందని మెల్లగా చెప్పాడు. బయటికొచ్చాక అది నన్నడిగిన మాట ఒకటే, మరి కోతలకు వెళ్ళొచ్చా లేదా అని. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలా అని నేను తల బద్దలు కొట్టుకుంటున్న రోజుల్లోనే ఎండపెట్టెలు వచ్చాయి. మా చర్చి అయ్యగారికి, అదే పాస్టరుగారికి, తెలిసిన ఇంజనీరింగు కాలేజీ సారు ఒకాయన తన విద్యార్థులతో వచ్చి చర్చి ఆవరణలో వరసగా బిగించాడు. చూడ్డానికి పెద్ద పెట్టెలు, పైన ఏటవాలుగా అద్దం. లోపల నీళ్ళ మీద తేలే నల్లటి పలక. బొగ్గుతో కొత్త రకంగా తయారుచేసిన స్పాంజి అన్నారు. అంత నలుపు నేనెప్పుడూ చూడలేదు, పక్కన పెడితే మా వంటింటి మసిగుడ్డ బూడిదరంగులో కనిపించింది. ఎండ పడితే నీళ్ళన్నీ కాగక్కర్లేదట, ఆ పలక కిందనుంచి పీల్చుకున్న పల్చటి తడి మాత్రం కాగి ఆవిరవుతుందట. అద్దానికి తగిలి చల్లబడి చుక్కలై, వాలులో జారి గొట్టంలోకి దిగుతుంది. ఉప్పు కిందే ఉండిపోతుంది. కరెంటు అక్కర్లేదు, పారబోసే చేదు నీళ్ళు లేవు. బోరు నీళ్ళు ముందు ఒక డ్రమ్ములో పోస్తే అందులోంచి పెట్టెల్లోకి సన్నగా వెళతాయి. మా ఎండల సంగతి తెలుసుగదా, ఇన్నాళ్ళకి వాటికొక పని దొరికిందనుకున్నాను.

ప్రారంభోత్సవానికి నాయకుడొచ్చాడు. ఆ పూట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మెడలో దండలతో నిలబడి, గాజు గ్లాసు పెదాలకు ఆనీ ఆననట్టు పెట్టి, ఫొటోలు తీసేదాకా అట్లాగే పట్టుకుని, తీయగానే పక్కవాడి చేతికిచ్చేశాడు. మూతి తుడుచుకుని కారెక్కి, తను తెచ్చుకున్న నీళ్ళ సీసా మూత తిప్పి గటగటా తాగాడు. ఖాళీ సీసా కారు అద్దంలోంచి మా కాలవలో పడేశాడు. అది ఆ ఆకుపచ్చ మీగడ మీద చాలా రోజులు తేలుతూ ఉంది.

నీళ్ళు మాత్రం నీళ్ళే. నేను వాసన చూశాను, నాలుక మీద పోసుకున్నాను, తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు. నా జన్మలో అంత హాయిగా నీళ్ళు తాగడం అదే మొదలు. మా చెల్లెలు చప్పగా ఉన్నాయని మొదట్లో సణిగింది గానీ అలవాటు పడింది. కాళ్ళ వాపు దిగింది. మళ్ళీ చూపిస్తే డాక్టరు కాగితాలు తిరగేసి, ఏం చేస్తున్నారో అదే చేయండన్నాడు. కోతలు వద్దని దాన్ని ఇంట్లోనే కూర్చోబెట్టాను. కాళ్ళూ చేతులూ ఊరుకోక చర్చి ఊడ్చే పని పెట్టుకుంది.

తర్వాత ఎండాకాలంలో డ్రమ్ము పగిలింది. ప్లాస్టిక్కు, ఎండకు నిలువునా చీలింది. కాలేజీ వాళ్ళకు చెబితే పంపిస్తారు గానీ ఆలస్యమవుతుందని మా చర్చి సంఘపెద్ద తొందరపడ్డాడు. ఆయన పల్లెలో కూలీల మేస్త్రీ కూడా. మిరప వేసే రైతులకు మనుషుల్ని కుదిర్చేది ఆయనే. ఊళ్ళో పెద్ద రైతునొకణ్ణి అడిగి నీలం డ్రమ్ము తెచ్చాడు. ఆదివారం ఆరాధనలో ఆ రైతు పేరు చదివి కృతజ్ఞతలు చెబితే అందరూ చప్పట్లు కొట్టారు.

మా వైపు నీలం డ్రమ్మంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. ప్రతి మిరప చేను గట్టు మీదా ఒకటుంటుంది. అందులో నీళ్ళు నింపి, పురుగుమందు సీసాలు వంచి, కర్రతో కలిపి, పంపుతో చేనంతా కొడతారు. నల్ల తామర పురుగు వచ్చిన దగ్గర్నుంచి ఆ కలపడానికి అంతూ పొంతూ లేదు. ఏ మందు పనిచేస్తుందో తెలియక నాలుగైదు రకాలు కలిపేస్తారు. పాతబడిన డ్రమ్ముల్ని తోమి ఇంట్లో వాడుకోవడం కూడా మా దగ్గర మామూలే. వడ్లు పోసుకుంటారు, స్నానానికి నీళ్ళు పట్టుకుంటారు. నేను ముఖం చిట్లించి అడిగితే, బూడిదేసి, చింతపండేసి, సబ్బేసి తోమించానని, ఇంకేం మిగలదని సంఘపెద్ద చెప్పాడు. పైగా ఉప్పునే ఆపే పెట్టెకి ఇదొక లెక్కా అన్నాడు. ఉప్పు కిందే ఉండిపోతుందని ఆ సారే చెప్పాడు గనక, మందు వాసనేదైనా ఉంటే అదీ కిందే ఉండిపోతుందని పల్లె మొత్తం నమ్మింది. నేనూ నమ్మి నా గ్లాసు నింపుకున్నాను.

కొన్నాళ్ళకు గ్లాసెత్తితే తగిలింది. కిరసనాయిలు కాదు, వెల్లుల్లి కాదు, రెండూ కలిపి కుళ్ళబెట్టి పైన పంచదార చల్లినట్టుండే వాసన. మందు కొట్టిన మర్నాడు చేను మీద వేలాడుతూ ఉంటుంది. చాలా సన్నగా ఉంది, కానీ ఉంది. నోట్లోవి ఉమ్మేశాను. మా చెల్లెలికిచ్చి వాసన చూడమంటే చూసి, ఏం లేదంది. నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళకు చూపించాను. ఒక్కొక్కరూ సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా పీల్చి, తల అడ్డంగా తిప్పారు. టీచరుగారికి దేవుడి గుళ్ళో నీళ్ళు కూడా వాసనేనని నవ్వుకున్నారు. ఇంత మందిలో నాకొక్కదానికే వస్తుంటే నాకే అనుమానం వచ్చేది, మళ్ళీ గ్లాసెత్తేదాకా. ఎత్తగానే మళ్ళీ తగిలేది.

నేను మానేశాను. మా చెల్లెల్ని మానమంటే, నీ మాట వింటే గాలి కూడా పీల్చకూడదక్కా అంది. ఇంట్లో గ్లాసు లాక్కుంటే చర్చి ఊడ్చేటప్పుడు అక్కడే ఎండపెట్టెల పంపు కింద దోసిలి పట్టేది. దాని తప్పూ కాదు. ఈ నీళ్ళే నిన్ను బతికిస్తున్నాయని నూరుసార్లు చెప్పింది నేనేగదా. అంతలో దాని కాళ్ళు మళ్ళీ వాచాయి. పొద్దున్నే వాంతులు. నాకు భయం పుట్టి కాలేజీ సారుకి ఫోను చేశాను.

ఆయన అంతా విన్నాడు. డ్రమ్ము కొత్తదేనా అండీ అని అడిగాడు. కాదని చెప్పాను. వెంటనే ఆపమన్నాడు. ఉప్పు ఎగరదు గానీ, ఆ మందుల్లో ఉండే నూనెలాంటివి కొన్ని ఆవిరితో పాటే పైకెగిరి అద్దానికి తగిలి నీళ్ళతో కలిసి దిగుతాయట. పైగా ఆ నల్లటి పలక వాటిని పీల్చుకుని, ఎండ తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం వదులుతుందట. డ్రమ్ము మార్చినా చాలదు, పలకలు కూడా మార్చాలన్నాడు. తను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని బతిమాలినట్టు చెప్పాడు.

సంఘపెద్దకి చెప్పాను. ఆయన నా మొహం వంక చూడకుండా నీళ్ళు నమిలాడు. ఈ ఎండపెట్టెలకు డబ్బిచ్చిన వాళ్ళు చూడ్డానికి వస్తున్నారట, వాళ్ళు వచ్చి పోయాక నెమ్మదిగా మార్చుకుందామన్నాడు. ఇప్పుడు గోల చేస్తే డ్రమ్మిచ్చిన రైతు నొచ్చుకుంటాడు, కోతలకు మన వాళ్ళని పిలవడు, నాలుగు రోజులు ఓర్చుకుంటే పోలా అన్నాడు. నా చెల్లెలు పొద్దున వాంతి చేసుకున్న చోటు ఇంకా తడారలేదు. ఆ మనిషి పక్కన నిలబడటానికే నాకు అసహ్యమేసింది. అయ్యగారి దగ్గరికి వెళితే ఆయన ప్రార్థన చేద్దామన్నాడు. చేద్దురుగాని ముందు పంపు కట్టేయండని వచ్చేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక రైతులు మా చర్చి గేటు దగ్గరికి వస్తారు. ఆ వారం కోతలకెవరెవరు వస్తారో మేస్త్రీతో మాట్లాడుకోవడానికి అదే వేళ, అందరూ ఒకచోట దొరుకుతారు గనక. ఆ రోజు డ్రమ్మిచ్చిన రైతూ వచ్చాడు. ఎండపెట్టెల పక్కన నీడలో బండి ఆపుకుని సంఘపెద్దతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆడవాళ్ళు సీసాలు పట్టుకుని పంపు దగ్గర ఉన్నారు. నా మాట విని అయ్యగారు కట్టేయించిన పంపు ఎవరో అప్పుడే తిప్పేశారు. నేను నా గ్లాసు నింపుకుని, నిండుగా తీసుకెళ్ళి ఆ రైతు ముందు పట్టాను.

"ఎండన పడొచ్చారు, తాగండి," అన్నాను.

ఆయన గ్లాసు అందుకున్నాడు. మర్యాద తెలిసిన మనిషే. నోటి దాకా తీసుకెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. ఆయన ముక్కుపుటాలు కదలడం నేను చూశాను. పల్లె మొత్తంలో నాకు తప్ప ఎవరికీ రాని వాసన ఆయనకు వచ్చింది. చేలో పైపు లాగే మనిషి కాదు, గట్టు మీద నిలబడి లాగించే మనిషి.

"ఇప్పుడే టీ తాగొచ్చా టీచరమ్మా. మళ్ళా తాగుతాలే," అని గ్లాసు నా చేతిలో పెట్టాడు.

"ఒక్క గుక్కండీ. మీ డ్రమ్ములో నీళ్ళేగా," అన్నాను.

ఆయన సంఘపెద్ద వంక చూశాడు, సంఘపెద్ద తన చెప్పుల వంక చూసుకున్నాడు. రైతు బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. పంపు దగ్గర ఆడవాళ్ళు అదంతా చూస్తూనే ఉన్నారు. వాళ్ళలో ఒకామె తన సీసా మూత తీసి నేల మీద వంచేసింది. తర్వాత మిగతా వాళ్ళూ వంచారు. నేను చర్చి వెనకున్న గడ్డపలుగు తెచ్చి ఆ డ్రమ్మును పొడిచాను. పాడు డ్రమ్ము, చిల్లయినా పడలేదు, పలుగు జారి నా కాలి మీద పడబోయింది. ఎవరో నవ్వారు. మా చెల్లెలే వచ్చి, నన్ను పక్కకు నెట్టి, అడుగున గొట్టం మర తిప్పి ఊడదీసింది. నీళ్ళన్నీ మా కాళ్ళ కింద నుంచి కాలవలోకి పోయాయి.

ఇంటికొచ్చాక అది గడప మీద కూర్చుని అడిగింది.

"ఆ వాసన ఎట్టుంటదక్కా?"

కిరసనాయిలు, వెల్లుల్లి, కుళ్ళిన తీపి అని చెప్పాను. ఇన్నేళ్ళు చేలల్లో తిరిగి మందు వాసన తెలియదా అని కసిరాను. అది కొంగు అంచు మడత పెడుతూ కూర్చుంది.

"నాకు ఏ వాసనా రాదక్కా. పైపులు లాగేటప్పుడే పోయింది. ముందు మల్లెపూలది పోయింది, తర్వాత కూరల్ది. నీకు చెబితే ఆసుపత్రులకు తిప్పుతావని చెప్పలా."

వాడరేవులో అది నా పొట్లం కూడా తినేసింది గుర్తొచ్చింది. పొయ్యి మీద పాలు మాడుతుంటే పక్కనే కూర్చుని పాడుకోవడం గుర్తొచ్చింది. కాలవ గట్టు మీద నిలబడి గంటల కొద్దీ కబుర్లు చెప్పడం, దేనికీ ముఖం చిట్లించకపోవడం, మంచి పిల్లని అందరూ మెచ్చుకోవడం.

"నీ ఒక్కదానికేనా?" అని అడిగాను.

అది వేళ్ళు మడుస్తూ వరసగా పేర్లు చెప్పుకుపోయింది. పంపు దగ్గర సీసాలు ముక్కు కానించుకుని తల అడ్డంగా తిప్పిన వాళ్ళే అందరూ. వాళ్ళెవరూ నన్ను ఆటపట్టించడానికి తల తిప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు. నిజంగానే వాళ్ళకేమీ రాలేదు. ఇన్నాళ్ళూ ఇంత కంపులో ఎట్లా బతుకుతారా అని నేను విసుక్కునేదాన్ని. ఛీ అనడానికి ఉండాల్సిన ముక్కు కూడా ఆ చేలు పీక్కుతిన్నాయి. ఆ రోజు నాకు పుట్టిన రోత ఆ కాలవ మీద కాదు, ఆ డ్రమ్ము మీద కాదు. దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఆ సాయంత్రమంతా ఇంటి ముందు ఊడ్చిన చోటే ఊడ్చాను.

సారు, విద్యార్థులు వచ్చి పలకలన్నీ మార్చారు. పాత పలకలు మూట కడుతుంటే సంఘపెద్ద భార్య వచ్చి, అవి మాకిచ్చేయండి, మిరపకాయలు వాటి మీద ఆరేస్తే తొందరగా ఎండుతాయని అడిగింది. సారు ఆమె వంక చూసి మూట ఇంకో సంచిలో పెట్టి కట్టాడు. డ్రమ్ము బదులు మేం సిమెంటు గోలెం పోయించుకున్నాం, చర్చి ఆవరణలోనే, మా కళ్ళ ముందే. మా చెల్లెలిని మళ్ళీ చీరాల తీసుకెళ్ళాను. ఏది ఎంత చెరిపిందో ఇప్పుడు చెప్పలేనని, ఉన్నది కాపాడుకోవాలంటే నీళ్ళే ఆధారమని డాక్టరన్నాడు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే బడికి వెళ్ళే ముందు నాకు చర్చిలో ఒక పని. ఆడవాళ్ళు సీసాలు నింపుకుని నా దగ్గరికి తెస్తారు. నేను మూత దగ్గర వాసన చూసి తలూపుతాను, పట్టుకుపోతారు. చివర్లో మా చెల్లెలు గ్లాసు నింపి నా ముక్కు కిందికి తెస్తుంది. ఉందా అంటుంది, లేదంటాను, తాగుతుంది. నా రోత మీద ఇప్పుడెవరూ జోకులేయరు.

మొన్న మంచుకి నాకు జలుబు చేసింది. మామూలుగానే వెళ్ళి నిలబడ్డాను. మొదటి సీసా తెచ్చారు, పీల్చాను. ఏమీ లేదు. ఇంకొకటి పీల్చాను. అక్కడే ఎవరో ఊడ్చిన ఆకులు అంటించారు, పొగ కనిపిస్తోంది, అదీ రావడం లేదు. వాసన లేక రావడం లేదో, నాకే రావడం లేదో నాకు అర్థం కాలేదు. ఆడవాళ్ళందరూ నా మొహం వంకే చూస్తున్నారు. మా చెల్లెలు గ్లాసు పట్టుకుని వచ్చింది.

"ఉందా అక్కా?"

"తెలీటం లేదే," అన్నాను.

అది గ్లాసు వంక చూసి, నీళ్ళు చర్చి గోడ పక్కనున్న మల్లె మొదట్లో పోసేసింది. వెనక నిలబడ్డ వాళ్ళు కూడా సీసాలు దించి, ఆ పూట తాగకుండానే కోతలకు వెళ్ళిపోయారు.